ఉద్యోగం వెలగబెట్టిన బూరుగు చెట్టు

ఒకానొక రాజ్యంలో ఒక బూరుగు చెట్టుకు ఉద్యోగం వచ్చింది. అవును, చెట్టుకే! చదువుకున్న కుర్రాళ్ళు కోట చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్న రోజుల్లో, నేతగాడు సాంబన్న పెరట్లో తన మానాన తాను నిలబడి ఉన్న చెట్టుకు పిలిచి మరీ కొలువిచ్చాడు ఆ రాజు.

రాజుగారి పేరు ఉద్దండవర్మ. పేరుకు తగ్గ మనిషి. ఆయన చూస్తుండగా ఎవరూ ఆయనకు తప్ప ఇంకొకరికి తల వంచకూడదు. కన్నతండ్రి ఎదురుపడ్డా సరే, కాళ్ళకు దండం పెట్టావో, కొరడా దెబ్బలే. ఆయనకు వీపు చూపించడం అంతకన్నా పెద్ద నేరం. కొలువులో పనైపోయినవాళ్ళు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటాలి. ముసలి పండితులు ఎంతమంది గడప తగిలి వెల్లకిలా పడ్డారో! వాళ్ళు పడితే ఆయనగారు నవ్వేవాడు. అదో సరదా.

ఒకసారి రోహిణీ కార్తె ఎండల్లో ఈయన వేట నుంచి తిరిగొస్తూ, కోట వెనక వీధిలో ఎండకు తాళలేక, సాంబన్న పెరట్లో బూరుగు చెట్టు కింద కాసేపు కునుకు తీశాడు. లేచేసరికి మనసు హాయిగా ఉంది. అంతే!

"ఈ చెట్టు మా ప్రాణం నిలబెట్టింది. నేటి నుంచి ఇది మా ఆస్థానంలో ఛాయాధిపతి!" అన్నాడు.

ఆ బిరుదు చెక్కిన ఇత్తడి పలకను జానెడు పొడుగు మేకులతో మానుకు దిగ్గొట్టించాడు. దాని మీద చెయ్యి వేస్తే రాజు మీద చెయ్యి వేసినట్టేనని ఊరంతా చాటింపు వేయించాడు. నీడనిచ్చిన చెట్టుకు బిరుదు దక్కింది. పరుగున వచ్చి చల్లటి మంచినీళ్ళు అందించిన సాంబన్న పెళ్ళాం గంగమ్మ వైపు మాత్రం కన్నెత్తి కూడా చూడలేదు.

మేకులు దిగిన చోట వాన నీళ్ళు చేరాయి. మాను లోపల పుచ్చడం మొదలుపెట్టింది. ఏడాదికేడాది చెట్టు సాంబన్న ఇంటి మీదికి ఒరగసాగింది. చివరికి ఒక వానాకాలం పెద్ద కొమ్మ ఒకటి ఫెళ్ళున విరిగి, పెరట్లో మగ్గానికి పడుగు దారాలు సరిచేసుకుంటున్న గంగమ్మ మీద పడింది. మనిషి అక్కడికక్కడే పోయింది.

కబురు తెలిసి మంత్రిగారు పరివారంతో వచ్చాడు. ఎందుకనుకున్నారు? చెట్టును పరామర్శించడానికి! కొమ్మ విరిగిన చోట పసుపు రాయించి, పట్టుగుడ్డ చుట్టించాడు. "ఛాయాధిపతిగారికి చెయ్యి విరిగింది. నువ్వు కనిపెట్టి ఉండక ఏం చేస్తున్నావురా?" అని సాంబన్నను గద్దించాడు. అప్పటికి గంగమ్మ శవాన్ని వాకిట్లోంచి లేపనైనా లేపలేదు. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది, ఆ మగడికి ఎట్లా ఉండాలి!

ఇక ఆ ఇంట్లో సాంబన్న, మంచం దిగలేని వాళ్ళ అమ్మ మిగిలారు. ఇల్లు వదిలి ఎక్కడికన్నా పొమ్మంటారేమో. ఎక్కడికి పోతాడు? నేతగాడి మగ్గం భూమిలో గుంట తవ్వి పాతుకున్నది. అది ఎక్కడుంటే వాడి కూడు అక్కడే.

మరుసటి ఏడు వానలు దగ్గరపడ్డాయి. చెట్టు ఇంకా వాలింది. గాలి వీస్తే చాలు, మొదట్లోంచి కిర్రుమని మూలుగు. సాంబన్న భయపడి, చెట్లు కొట్టడంలో పేరుమోసిన ఓబులేసును పిలుచుకొచ్చాడు. ఓబులేసుకు గొడ్డలి ఎంత పెద్దదో నోరూ అంత పెద్దది.

"ఈ చెయ్యి పడ్డాక నిలబడిన చెట్టు ఈ రాజ్యంలో లేదు!" అంటూ మీసం దువ్వుకుని, మాను చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది మొదలు నరికే చెట్టు కాదు సాంబన్నా. మొదలు కొట్టామా, నేరుగా నీ ఇంటి మీదే. పైకెక్కి కొమ్మ కొమ్మా తాడు కట్టి దించుకుంటూ రావాలి. వానలు పడ్డాక దీన్ని ఎక్కేవాడుండడు. ఆలోపే కానివ్వాలి."

"కానివ్వు మరి!"

ఓబులేసు గోచీ బిగించాడు. అంతలో పట్టుగుడ్డ పక్కన ఇత్తడి పలక తళుక్కుమంది. ఎగదోసిన మీసం కాస్తా కిందికి జారింది.

"అయ్యబాబోయ్! నేను చెట్లు కొడతాను గానీ ఉద్యోగస్తులను కొట్టను నాయనా. ముందు దీని కొలువు ఊడగొట్టించుకురా. ఆ తర్వాత నా సంగతి చూడు" అని గొడ్డలి భుజాన వేసుకుని చక్కా పోయాడు.

ఆ కొలువులో మల్లుభట్టు అని ఒక విదూషకుడు ఉండేవాడు. మాట విసిరితే తిరుగులేదని పేరు. సాంబన్న వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"అయ్యా, నా కోసం కాదు. మంచం మీద మా అమ్మ ఉంది. ఇంకొక్క గాలివాన వస్తే ఆ ఇంట్లో ఎవరమూ మిగలం."

మల్లుభట్టుకు గుండె తరుక్కుపోయింది. ఇలాంటి విషయానికి చమత్కారం దేనికి, ఉన్నదున్నట్టు చెబుదామనుకున్నాడు. నేరుగా కొలువులో నిలబడి చెప్పాడు.

"మహాప్రభూ, బూరుగు చెట్టు కూలేలా ఉంది. దాని కింద ఇల్లుంది, ఇంట్లో మనుషులున్నారు. ఇప్పటికే ఒక ప్రాణం పోయింది. కొట్టించండి."

రాజు ఆవులించాడు. "నవ్విస్తావనుకుంటే ఏడుపు మోసుకొచ్చావేమయ్యా? ఆజ్ఞ లేనిదే మా ఉద్యోగి కూలడు. ఇంతకీ ఆ చెట్టు మాకు చేసిన అపచారమేమిటి? అది చూపించు, ఈ క్షణమే తల తీయిస్తాం. ఎవరో పోయారని కొలువులోవాణ్ణి శిక్షిస్తామా? కింద నిలబడటం ఆవిడ తప్పు!"

మంత్రి "చిత్తం, చిత్తం" అన్నాడు. సభ తలూపింది. మల్లుభట్టు వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. వస్తూ వస్తూ రాజు అన్న ఒక్క మాటనే పట్టుకుని ఆలోచించాడు. మాకు చేసిన అపచారమేమిటి? ఓహో, అట్లాగా!

ఆ సాయంత్రం రాజు మేడ మీద చల్లగాలికి పచార్లు చేస్తుంటే, మంత్రితోపాటు మల్లుభట్టూ వెంట ఉన్నాడు. ఉన్నట్టుండి ఉత్తరీయంతో కళ్ళు మూసుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు మహాప్రభూ. అటు చూడలేకపోతున్నాను."

"ఎటు?"

"చెబితే నా తల ఉండదు."

"అభయమిస్తున్నాం, చెప్పు."

మల్లుభట్టు వేలుతో కోట వెనక వీధి చూపించాడు. "ఛాయాధిపతి ఎటు వంగి ఉన్నాడో తమరే చూడండి. ఊరంతా చెప్పుకుంటుంటే అబద్ధమనుకున్నాను. ఏలినవారి ఉప్పు తింటూ, నేతగాడి గుమ్మానికి వంగి దండం పెడుతున్నాడు! పోయినేడు తల వంచాడు, ఈ ఏడు నడుం వంచాడు. కోట వైపు ఏం చూపిస్తున్నాడో నా నోటితో నేను చెప్పలేను."

రాజు పిట్టగోడ పట్టుకుని చూశాడు. కొమ్మల తలకాయ సాంబన్న ఇంటి మీదికి వాలి ఉంది. మాను వీపు తిన్నగా ఆయన ముఖానికే ఎదురుగా ఉంది. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

మంత్రికి ఇదేదో వరస తప్పుతోందనిపించింది. "మహాప్రభూ, అది చెట్టు. దానికి దండమేం తెలుసు, వీపేం తెలుసు?"

మల్లుభట్టు గిరుక్కున తిరిగాడు. "ఏమన్నారు? ఏమీ తెలియనిదానికి మహాప్రభువులు కొలువిచ్చారంటారా? ఆ మాట ఇంకొక్కసారి, కాస్త గట్టిగా అనండి."

మంత్రి మళ్ళీ అంటాడా? కిక్కురుమంటే ఒట్టు!

"పీకండి ఆ పలక!" అని రాజు గర్జించాడు. "దాని బిరుదు రద్దు! ఇప్పుడే మొదలంటా నరికిపారెయ్యండి!"

మల్లుభట్టు గబుక్కున అడ్డుపడ్డాడు. "ఆగండి మహాప్రభూ! మొదలు నరికితే అది వాలినవైపే పడుతుంది. నేతగాడి గుమ్మంలో సాష్టాంగపడి ప్రాణం వదిలిందని లోకం చెప్పుకోదూ? అంత గౌరవం వాడికి దక్కనిస్తామా? పైనుంచి తల, చేతులు ఒక్కొక్కటే తీయించి, తాళ్ళతో కట్టి ఇటు కోట వైపుకు లాగించండి. ఒక్క పుల్ల కూడా వాడి ఇంటి మీద పడకూడదు."

"భేష్! అలాగే కానివ్వండి!"

మర్నాడే పలక ఊడింది. ఓబులేసు మీసం మళ్ళీ పైకి లేచింది. కోట ఏనుగులు తాళ్ళు లాగుతుంటే వాడు కొమ్మ కొమ్మా దించాడు. సాంబన్న ఇంటి కప్పు మీద ఆకు కూడా రాలలేదు. పొద్దువాలేసరికి మోడు మిగిలింది. అపరాధి గతి చూద్దామని రాజు స్వయంగా వచ్చాడు, మోడులోకి తొంగి చూశాడు. లోపలంతా డొల్ల. చేత్తో తాకితే నల్లటి పొట్టు రాలింది.

రాజు చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు. మల్లుభట్టు ముఖం చూశాడు, మోడును చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్యా! పుచ్చి ఒరిగినదాన్ని పట్టుకుని దండం పెడుతోందని మమ్మల్నే నమ్మించావే! అభయమిచ్చాం గనక బతికిపోయావు." మెడలోని ముత్యాల హారం తీసి మల్లుభట్టు మెడలో వేశాడు. "ఇంత నవ్వించినవాడివి, నువ్వు నవ్వవేం?"

"మనిషి చచ్చిపోయిందని చెబితే ఏలినవారు కదల్లేదు. చెట్టు వంగిందంటే కదిలారు. ఇందులో నా తెలివి ఏముంది మహాప్రభూ?"

రాజు ఇంకా పెద్దగా నవ్వాడు. అది కూడా చమత్కారమే అనుకున్నాడు!

ఇదంతా వింటూ సాంబన్న పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మల్లుభట్టు వైపు రెండడుగులు వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మను కాపాడారు, మీ మేలు మరిచిపోనయ్యా. చెట్టు వంగిందని చెబితే చాలని పోయినేడే తెలిసి ఉంటే, మా గంగ కూడా బతికేది గదయ్యా" అన్నాడు.

ఎవరికైనా ఇట్టే జవాబు చెప్పే మల్లుభట్టు మెడలోని హారాన్ని ఉత్తరీయంతో కప్పుకున్నాడు. అదే కొలువులో పోయినేడూ ఉన్నాడాయన. ఇదే బుర్ర అప్పుడూ ఉంది.

రాజు మాత్రం చప్పట్లు చరిచాడు. "హహ్హహ్హా! నేతగాడికి కూడా చమత్కారం అబ్బిందే! భలే అన్నావురా!" అంటూ చేతి కంకణం ఊడదీసి సాంబన్న మీదికి విసిరాడు. రాజు నవ్వాడు కనుక మంత్రి నవ్వాడు. మంత్రి నవ్వాడు కనుక భటులు, మావటివాళ్ళు, చెట్టు మీంచి దిగిన ఓబులేసు, వీధిలో జనం అందరూ పగలబడి నవ్వారు.

ఇంట్లోంచి ముసలమ్మ గొంతు వినిపించింది. "ఏమిట్రా సాంబా, ఎందుకు అందరూ అట్లా నవ్వుతున్నారు?"

"ఏం లేదమ్మా" అన్నాడు సాంబన్న. "రాజుగారు మనల్ని మెచ్చుకున్నారు."