ఉప్పు చూడబోయిన నక్క

మొక్కజొన్న కోత అయిపోయిన చేను గట్టున తుమ్మచెట్ల కింద ఒక పాక. అందులో కోటమ్మ అనే గాడిద, దాని కుంటి పిల్ల, వీరన్న అనే ఎద్దు ఉండేవి. ఎండలు మండినన్నాళ్ళూ కోటమ్మ ఆ చేలో తిరిగి, కోతవాళ్ళు వదిలేసిన ఎండు కండెలు ఏరింది. ముసురు పడితే పిల్ల బురదలో అడుగు వెయ్యలేదు. అప్పుడు దాని కడుపు నింపేవి కోటమ్మ వేయించి దాచే మొక్కజొన్న కరకరలే.

పక్క పొదలో పానకాలు అనే నక్క ఉండేది. చుట్టుపక్కల ఎవరేం వండినా ఉప్పు చూడటం తన హక్కని చెప్పుకునేది. ఆ హక్కు ఎవరిచ్చారని అడిగినవాళ్ళు లేరు. పోయినేడు కోటమ్మ కుండలో ఉప్పు చూస్తూ చూస్తూ అడుగు కనిపించేదాకా ఊడ్చేసింది. పైగా "కారం తగ్గింది" అని వంక పెట్టి పోయింది. ముసురు పట్టినన్నాళ్ళూ పిల్ల తడిగడ్డి నమిలి కడుపునొప్పితో మూలిగింది. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది, కన్నతల్లికి మండదా?

ఈ ఏడు కూడా కోటమ్మ గింజలు ఒలిచి, నానబెట్టి, ఉడికించి, పాత పంచె మీద ఆరబోసింది. ముందు ఆరబోసినవి ఎండి ముడుచుకుపోయాయి. ఆ ఉదయం పోసినవి ఇంకా నీళ్ళు పట్టి బొద్దుగా ఉన్నాయి. ఎండినవి వేయించడానికి మూకుడులో నూనె కాగుతుండగా నక్క దిగింది.

"ఏమే కోటమ్మా, ఈ బక్కగింజలు నాకు పెట్టి ఆ బొద్దువి దాచుకుందామనా?"

"అవి ఇంకా ఆరలేదు బాబాయ్. గుప్పెట్లో ఆడిస్తే గలగలమనాలి. తడిగింజ నూనెలో పడితే పేలుద్ది."

"పేలేది నీ నోరు. గాడిదవి, నువ్వా నాకు వంట చెప్పేది?"

వీరన్న కోటమ్మ చెవి దగ్గరికి వంగింది. "ఎందుకు చెప్తావు తల్లీ? వాడి ఖర్మకి వాణ్ణి వదిలెయ్."

"చెప్తాను, అన్నా. నేను కాదన్న పనే వాడు చేస్తాడు. నాకు కావాల్సింది అదే." కోటమ్మ పిల్లని తీసుకుని ఎద్దు వెనకాలకి వెళ్ళింది. "నీ ఇష్టం బాబాయ్. మళ్ళీ చెప్తున్నా, వెయ్యొద్దు."

నక్క ఆ బొద్దుగింజలు దోసిలి నిండా తీసి నూనెలో గుమ్మరించింది. ఉప్పు చూసే తొందరలో నాలుక చాపి మూకుడు మీదికి వంగింది. మూకుడంతా టపటపా పేలింది. నూనె ఎగిరి నక్క మూతి మీద, నాలుక మీద పడింది. నక్క నేల మీద దొర్లి, నీళ్ళ గోలెంలో మూతి పెట్టి, మళ్ళీ దొర్లింది.

"చంపేశావు కదే! ముందే చెప్పొద్దా?"

"చెప్పా. పేలుతున్నావన్నావు."

నక్క మూలుగుతూ పొదకి పోయింది. కోటమ్మ నూనె మార్చి, ఎండిన గింజలు కరకరలాడేలా వేయించి, ఉప్పూ కారం చల్లి కుండకెత్తింది. ముసురు మొదలైన రోజు ఆకులో గుప్పెడు కరకరలు తీసుకెళ్ళి నక్క ముందు పెట్టింది.

"ఉప్పు చూడు బాబాయ్."

నక్క ఒకటి నోట్లో పెట్టుకుంది. బొబ్బలెక్కిన నాలుకకి ఉప్పు తగిలి కళ్ళ నీళ్ళు కారాయి. తలకాయ తిప్పుకుంది.

"సరిపోయిందన్నమాట. నా పిల్ల ఏడ్చిన ఏడుపు ముందు ఇదెంత? నా కోపం ఇంకా చల్లారలేదు. మళ్ళీ నా కుండ దగ్గర కనిపించకు."

పాకలోంచి పిల్ల నమిలే కరకర చప్పుడు వాన హోరులోనూ పొదదాకా వినిపించింది.

నీతి: పని తెలియనివాడి పెత్తనం ముందు పనిచేసేవాళ్ళ కడుపు కొడుతుంది, ఆఖరికి పెత్తందారు మూతే కాలుస్తుంది.