రాజుగారి రాగిపెట్టె

చింతలగిరిని ఏలే బసవభూపతికి ఆ ఏడు విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ చావుభయం మాత్రం ఆయన్ని వదల్లేదు. పథ్యం తిన్న మర్నాడే చాటింపు వేయించాడు: "నన్ను చావకుండా చేసినవాడికి అడిగింది ఇస్తాను!"

వైద్యులెవరూ ముందుకు రాలేదు. యంత్రాల పండితుణ్ణని చెప్పుకునే కాలకంఠశాస్త్రి మాత్రం ఒక పెద్ద రాగిపెట్టె మోయించుకుని కొలువుకు వచ్చాడు.

"మహాప్రభూ, చావుకు మందు ఇవాళ లేదు. రేపటివాళ్ళు కనిపెట్టి తీరతారు. మనం కలలో కూడా ఊహించని యంత్రాలు వాళ్ళకుంటాయి. అందాకా తమరు ఈ పెట్టెలో నిద్రపోవాలి. నా కషాయం తాగితే ఊపిరి ఆగుతుంది, ఒళ్ళు చెడదు. మందు దొరికిన రోజున తమ వంశంవాళ్ళే మూత తీసి లేపుతారు. ఇక తమకు చావే ఉండదు."

"అందాకా రాజ్యం సంగతి?" అన్నాడు మంత్రి.

"యువరాజులవారు పసివారు. తప్పదు కాబట్టి నేను చూసుకుంటాను" అన్నాడు శాస్త్రి వినయంగా.

రాజుగారు మురిసిపోయి శుక్రవారం ముహూర్తం పెట్టించాడు. పెట్టెలో దూదిపరుపు వేయమన్నాడు.

కొలువులో హాస్యగాడు తిప్పనకు ఆ రోజు అన్నం సయించలేదు. జ్వరంలో రాజుగారి మంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పినవాడు అతనే. వద్దంటే ఆయనకు పట్టుదల పెరుగుతుందని కూడా అతనికి తెలుసు.

శుక్రవారం పొద్దున రాజుగారు తలస్నానం చేసి, ఒక కాలు పెట్టెలో పెట్టాడు. శాస్త్రి కషాయం గిన్నె అందించబోతున్నాడు. అంతలో తిప్పన రొప్పుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, శుభవార్త! తమ ముత్తాతగారు దొరికారు!"

రాజుగారి ముత్తాత వేటకు వెళ్ళి తిరిగిరాలేదని ఊరందరికీ తెలుసు.

"కొండగుహలో, అచ్చం ఇలాంటి పెట్టెలోనే ఉన్నారు. బుగ్గల రంగైనా తగ్గలేదు. అప్పట్లో ఏ శాస్త్రిగారో పడుకోబెట్టినట్టున్నారు. లేపమంటారా?"

రాజుగారు కాలు బయటకు తీశాడు.

"లేచి... ఏం చేస్తాడు?"

"సింహాసనం ఎక్కుతారు ప్రభూ. ఆయనదేగా."

"మరి నేను?"

"తమరికి పక్కన పీట వేయిస్తాం."

రాజుగారు గొంతు సవరించుకున్నాడు. "ఆయనకు కోపం జాస్తి అని విన్నానే?"

"అబ్బే, పాట వినబడితేనే కొరడా తీసేవారట. తమరి సంగీతమందిరం ఆయన హయాంలో గుర్రపుశాల. మళ్ళీ గుర్రాల్ని కట్టేయిస్తారు, అంతే."

రాజుగారు పెట్టెకు రెండడుగులు దూరం జరిగాడు.

"హాయిగా పడుకున్న పెద్దాయన్ని లేపడం దేనికి తిప్పనా? పాపం కాదూ?"

"పాపమే ప్రభూ."

"అలాగే ఉండనీ. పెట్టెకు రెండు తాళాలు వేయించు. గట్టివి చూడు. గుహకు గోడ కూడా కట్టించెయ్."

తిప్పన చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం ప్రభూ. అలాంటివే మరో రెండు తాళాలు చేయించి ఉంచుతాను. తమ పెట్టెకు వేయడానికి తమ మునిమనవడు వెతుక్కోకుండా ఉంటాడు."

రాజుగారు పెట్టెను చూశాడు, పరుపును చూశాడు, తిప్పనను చూశాడు.

"ఆ గుహలో అసలు ఎవరైనా ఉన్నారట్రా?"

"గబ్బిలాలు ఉన్నాయి ప్రభూ."

రాజుగారు శాస్త్రివైపు తిరిగాడు. "శాస్త్రిగారూ, రేపటివాళ్ళ మీద నాకంటే మీకే నమ్మకం ఎక్కువ. పరుపు మెత్తగా ఉంది. కషాయం మీ చేతిలోనే ఉంది. కానివ్వండి."

శాస్త్రి గిన్నె కింద పెట్టేసి, ఉత్తరీయం జారిపోతున్నా ఆగకుండా గుమ్మం దాటాడు.

జ్వరం వచ్చాక మొదటిసారి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా నవ్వింది. ఆ నవ్వులోనే ఆయన తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.