చెక్కెక్కిన నక్క

మా కాలువంత పొడుగు కాలువ భూమ్మీద ఇంకోటి లేదు. దాని కొస ఎక్కడుందో చూసొద్దామని ఒకసారి మీసాలు మొలిచే వయసులో బయల్దేరాను. తిరిగొచ్చేసరికి మీసాలు నెరిశాయి. దారిలో ఊసుపోక జంతువుల భాష నేర్చుకున్నాను. అందుకని ఇప్పుడు చెప్పబోయే మాటల్లో ఒక్కటి కూడా నా సొంతం కాదు. వాళ్ళు అన్నవి అన్నట్టే.

ఆ కాలువలో పడవలకి తెరచాపలు లేవు, ఇంజన్లు లేవు. గట్టు మీంచి తాడేసి లాగడమే. మా గట్టున ఆ పని చేసేది భద్రయ్య అనే ఎద్దు. పొద్దున్నే దిగువనున్న లాకు దగ్గర అతన్ని గడ్డి మోసే పడవకి కట్టేవారు. ఎండలో దాన్ని ఎగువ రేవుదాకా లాగేవాడు. పడవ రాత్రికి రేవులోనే ఉండి, తెల్లవారుజామున వాలుకి లాకు చేరేది. సాయంత్రం భద్రయ్య ఒక్కడే, కాడికి కట్టిన తాడు నీళ్ళలో ఈడ్చుకుంటూ లాకుకి తిరిగొచ్చేవాడు.

వెళ్ళేటప్పుడు భద్రయ్యని నత్తలు దాటిపోయేవి. వచ్చేటప్పుడు సంగతి వేరు. లాకు దగ్గర తొట్టినిండా తవుడు కుడితి కలిపి పెట్టేవారు. ఆ వాసన ముక్కుకి తగిలిందా, ఇక పరుగే. ఆ దుమ్ముకి పొద్దుగూకిందనుకుని పక్కూరివాళ్ళు దీపాలు పెట్టేసుకునేవారు. కుడితి తొట్టి దగ్గర తప్ప మధ్యలో ఎక్కడా ఆగడు. నా బలం మీద నమ్మకంతో ఒకసారి ఆపుదామని అడ్డం నిలబడ్డాను. కొమ్ముల మీద కూర్చోబెట్టుకుని లాకుదాకా తీసుకెళ్ళాడు. నాకూ అటే పని ఉండింది కాబట్టి ఏమీ అనలేదు.

ఈ పరుగు చూసి నీటికుక్క దాలయ్యకి ఒక విద్య తట్టింది. విరిగిన పడవలోంచి ఒక చెక్క లాగాడు. పాత చెప్పుల పట్టీలు రెండు దానికి బిగించాడు. భద్రయ్య ఈడ్చుకొచ్చే తాడు చివర ఒక కర్ర పిడి కట్టి, పట్టీల్లో వెనక కాళ్ళు దూర్చి, పిడి పళ్ళతో కరిచి, నీళ్ళ మీద నిలబడి జారుకుంటూ పోయాడు. ఆ తుంపర్లకి అవతలి గట్టున ఆరబోసిన మిరపకాయల్ని జనం వానొచ్చిందని ఎత్తేశారు.

అలా బడి పెట్టాడు. శిష్యులే రాలేదు. కప్పలు తమకి చెక్కెందుకన్నాయి. పీతకి పట్టీలు సరిపోలేదు. అలాంటి రోజుల్లో గట్టు దిగి వచ్చాడు నక్క తాతబ్బాయి.

"గురువు గారూ, నేర్పుతారా?"

"నీకు ఈతొచ్చా?"

"మోకాళ్ళదాకా వచ్చండి."

"మరి ఈ సరదా ఎందుకు పుట్టింది నాయనా?"

"నడుం పట్టేస్తోందండి. నీటి విద్య మంచిదని చెప్పారు."

నడుం సంగతి నాకు తెలీదు గానీ, తాతబ్బాయి చూపు మాత్రం కాలువ మధ్యనున్న రెల్లు దిబ్బ మీద ఉంది. ఆ దిబ్బ మీద నూకాలు అనే బాతు గుడ్లు పొదుగుతోంది. నాలుగు పక్కలా లోతు నీళ్ళు. అందుకే అక్కడ గూడు పెట్టింది.

మొదటి సాయంత్రం తాతబ్బాయి చెక్క మీద కూర్చున్నాడు. భద్రయ్య పరుగందుకున్నాడు. తాడు బిగిసింది. బిగియగానే తాతబ్బాయి చటుక్కున లేచి నిలబడ్డాడు. చెక్క ఒకవైపు, నక్క ఒకవైపు. కాలువలో సగం నీళ్ళు ముక్కులోంచే లోపలికెళ్ళాయి. దిగువ పొలాల్లో ఆ వారం తడి అందలేదు.

"ఎవడు లేవమన్నాడు నిన్ను?" అన్నాడు దాలయ్య, తోక పట్టి ఒడ్డుకి లాగుతూ.

"నిలబడాలి కదండీ మరి?"

"నువ్వు నిలబడకూడదు. తాడు నిన్ను నిలబెట్టాలి. పీట మీద కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని ఊరుకో. లాగేవాడు లాగుతాడు, నీళ్ళు లేపుతాయి. మధ్యలో నీ తెలివి పెట్టకు."

తెలివి పెట్టొద్దని ఒక నక్కకి చెప్పిన మొదటి గురువు అతనే. రెండో సాయంత్రం తాతబ్బాయి పిడిని తన వైపుకి గుంజుకున్నాడు, వెల్లకిలా పడ్డాడు. మర్నాడు కాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో అని కిందికి చూసుకున్నాడు, బోర్లా పడ్డాడు.

"కిందేముందిరా అక్కడ? నీ కాళ్ళెక్కడికీ పోవు. భద్రయ్య కొమ్ములకేసి చూడు!"

దిబ్బ మీంచి నూకాలు ఇదంతా చూస్తూ ఉంది. నవ్వొచ్చినా నవ్వలేదు. పడ్డ ప్రతిసారీ అతను లేచి ముందుగా దిబ్బకేసే చూస్తున్నాడు మరి.

ఇలా పడీ లేచీ, ఒక సాయంత్రం తాతబ్బాయి నిలబడ్డాడు. మోకాళ్ళు వంచి, మెడ చాచి, కొమ్ములకేసి చూస్తూ. దాలయ్య గట్టు మీద ఎగిరి గంతేశాడు.

"ఇప్పుడు పిడి వదిలెయ్!"

వదిలేశాడు. తాడు భద్రయ్య వెంట పోయింది. చెక్క మాత్రం ఆ ఊపుకి జారుకుంటూ వచ్చి, ఒడ్డున ఇసకలో మెత్తగా ఆగింది. తాతబ్బాయి కాళ్ళు తడవకుండా దిగాడు.

"ఎక్కడ వదిలితే అక్కడికి చేరుస్తుందన్నమాట," అన్నాడు నింపాదిగా.

"అంతే నాయనా! గురువుని మించావు."

నూకాలు ఆ మాట విని లెక్క కట్టింది. దిబ్బ పక్కన వదిలితే దిబ్బకే చేరుస్తుంది. గుడ్లకి నెర్రెలు పడుతున్నాయి. లోపలి ముక్కులు టకటకా కొడుతున్నాయి. మహా అయితే రేపు సాయంత్రానికి పిల్లలు బయటపడతాయి. అప్పటిదాకా వాటిని ఎక్కడికీ కదపడానికి లేదు.

ఈదుకుంటూ వెళ్ళి దాలయ్య మీద పడింది. "అన్నా, నీకు కళ్ళున్నాయా? వాడు నేర్చుకునేది నా గుడ్ల కోసం."

"శిష్యుణ్ణి అనుమానించకమ్మా. ఎంత చక్కగా మోకాళ్ళు వంచుతున్నాడో చూశావా?"

"మోకాళ్ళు కాదన్నా, పళ్ళు చూడు వాడివి."

"పళ్ళు బాగుండాలి. పిడి పట్టేది వాటితోనేగా."

ఇక లాభం లేదని భద్రయ్య దగ్గరికెళ్ళింది. భద్రయ్య కుడితి ముగించి లాకు దగ్గర నెమరేస్తున్నాడు.

"బాబాయ్, రేపు సాయంత్రం నువ్వు పరిగెత్తకపోతే నా పిల్లలు బతుకుతాయి."

భద్రయ్య తల అడ్డంగా ఊపాడు. "ముక్కుకి కుడితి తగిలాక కాళ్ళు నా మాట వినవమ్మాయ్. నీకు అబద్ధం చెప్పలేను."

"దారిలో ఒక్క క్షణం..."

"ఈ లాకు దగ్గరే ఆగుతాను. లాకు కుక్కలు నాలుగూ ఇక్కడే పడుకుంటాయి, కుడితిలో వాటా కోసం. అవి మొరిగితే గానీ వచ్చానని నాకే తెలీదు."

నూకాలు తిరిగొస్తూ ఆలోచించింది. ఎద్దు ఆగడు. గురువు మానడు. ఇక మిగిలింది నక్క నోట్లో ఉన్న పిడి. దాన్ని దిబ్బ దగ్గర వదిలితేనే ప్రమాదం.

మర్నాడు మధ్యాహ్నం ఒడ్డు దగ్గరికి వచ్చి పలకరించింది.

"తాతబ్బాయి గారూ, ఈ సాయంత్రం మా వైపు వస్తారటగా?"

తాతబ్బాయి తోక సర్దుకున్నాడు. "నడుం కోసమమ్మా. దారిలో దిబ్బ ఉంటే నేనేం చెయ్యను?"

"నాతో దాపరికాలెందుకండీ. గుడ్లు ఎలాగూ దక్కవని ఏడ్చి ఊరుకున్నాను. అవి ఎగరలేవు, నేను మొయ్యలేను. కానీ నేను మాత్రం మీకు చిక్కను సుమండీ."

"అదేంటమ్మా, అంత ధీమా?"

"నోట్లో కర్ర పెట్టుకుని వచ్చేవాళ్ళకి ఎవరు భయపడతారండీ? మీరు దాన్ని వదలగానే నీళ్ళలో టప్పున పడుతుంది. ఆ చప్పుడు వినపడేదాకా గూట్లోనే వెచ్చగా కూర్చుంటాను. వినపడగానే తుర్రుమంటాను. నోరు ఖాళీగా వస్తే కదా నాకు బెంగ!"

అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. కాస్త లావుపాటి బాతు. నడుస్తుంటే పొట్ట అటూ ఇటూ ఊగుతుంది. తాతబ్బాయి ఆ పొట్ట కనుమరుగయ్యేదాకా చూశాడు. గుడ్లు చాలు అతనికి. ఆ సంగతి మధ్యాహ్నందాకా అతనికీ తెలుసు.

సాయంత్రం దాలయ్య పిడి అందించబోతే వద్దన్నాడు.

"గురువు గారూ, ఇవాళ నోరు ఖాళీగా పెట్టుకుని నిలబడతాను. తాడు నడుముకి చుట్టుకుంటాను."

దాలయ్య మొహం మారింది. "ఆ పని నేను కూడా చెయ్యనురా. తాడుని ఒంటికి కట్టుకోకూడదు. కొబ్బరి తాడది. తడిస్తే ముడి మేకులా బిగుసుకుంటుంది."

"నాది జారుముడండీ. ఒక్క లాగుకి ఊడొస్తుంది." ఒడ్డున లాగి చూపించాడు కూడా. ఊడొచ్చింది. పొడి తాడు కదా.

"అబ్బా, గురువుని బాగా మించావు," అన్నాడు దాలయ్య, కాస్త నొచ్చుకుని.

కుడితి వాసన గాల్లో వచ్చింది. భద్రయ్య చెవులు నిక్కాయి. కాళ్ళు కదిలాయి. తాడు బిగిసింది. తాతబ్బాయి గొంతుక్కూర్చుని, తెలివి పెట్టకుండా, తాడు లేపితే లేచాడు. ఆహా, ఏం నిలబడ్డాడండీ! దేశదేశాల విన్యాసాలు చూసినవాణ్ణి. కాగడాలు నోట్లో పెట్టుకుని తాటిచెట్ల మీంచి దూకినవాణ్ణి నేనే. అయినా అంత నిటారుగా ఎవరూ నిలబడగా చూడలేదు. నీళ్ళు రెండుగా చీలి, అడుగున చేపలు తలలెత్తి చూశాయి.

దిబ్బ దగ్గరికొచ్చింది. నూకాలు గూట్లోనే ఉంది, అన్నట్టుగానే. తాతబ్బాయి నోరు తెరిచాడు. పంజాతో ముడి కొస పట్టి ఒక్క లాగు లాగాడు.

రాలేదు. మళ్ళీ లాగాడు. తడిసిన కొబ్బరి తాడు నడుముని కౌగిలించుకుని ఉంది. దిబ్బ పక్కనుంచి పోతోంది. ఎంత దగ్గరగానంటే, నూకాలు కళ్ళలో అతనికి తన మొహం కనపడింది.

"నోరు ఖాళీగానే ఉందటండీ?" అంది నూకాలు, రెక్క కిందున్న గుడ్లని కప్పుకుంటూ.

దిబ్బ వెనక్కి పోయింది. ఆ ఖాళీ నోటితో తాతబ్బాయి ఒక్కటే చెయ్యగలిగాడు.

"ఆపవయ్యా భద్రయ్యా! ఆపు!"

"లాకు దగ్గర," అన్నాడు భద్రయ్య, వెనక్కి చూడకుండా.

"చచ్చిపోతాన్రా!"

"లాకు దగ్గరే అంటున్నాగా."

గట్టు మీద దాలయ్య పరిగెడుతున్నాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ. "కొమ్ములకేసి చూడు! మోకాళ్ళు వంచు! భేష్, భేష్!"

అలా ఒక్కసారి కూడా పడకుండా తాతబ్బాయి లాకు చేరాడు. భద్రయ్య ఆగి తల తొట్టిలో పెట్టాడు. చెక్క ఆ ఊపుకి మెట్లెక్కి, నాలుగు కుక్కల మధ్య ఆగింది.

పెద్ద కుక్క ఆవులించింది. "ఎవరబ్బాయ్ నువ్వు?"

"శిష్యుణ్ణండి."

"ఎవరికి?"

తాతబ్బాయి భద్రయ్యకేసి చూశాడు. భద్రయ్య కుడితి తాగుతున్నాడు. తాగేటప్పుడు ఆయన ఎవరినీ ఎరగడు.

తర్వాత జరిగినదంతా చెబితే మీకు నిద్ర పట్టదు. ముడి విప్పింది కుక్కలే, పళ్ళతో. ముడితోపాటు తోక సగం పోయింది. కాళ్ళకి చెప్పుల పట్టీలు, పట్టీలకి చెక్క, ఆ చెక్కతోనే వరిచేలల్లోంచి టపాటపా పరిగెత్తాడు. ఆ చెక్క రాపిడికి చదునైన చేలకి ఆ ఏడు నాట్లకి ముందు దమ్ము చెయ్యక్కర్లేకపోయింది. తాతబ్బాయి మళ్ళీ ఈ గట్టు తొక్కలేదు.

చీకటి పడుతుండగా దిబ్బ మీద మొదటి పెంకు పగిలింది. తెల్లారేసరికి పిల్లలన్నీ నీళ్ళలో ఉన్నాయి, తల్లి వెనక వంకర వరసలో. దాలయ్య మాత్రం ఒడ్డున దిగులుగా కూర్చున్నాడు. నూకాలు పలకరిస్తే, "మోకాళ్ళు ఎంత బాగా వంచేవాడమ్మా," అన్నాడు.

తినడానికి నోరు ఖాళీ ఉండాలని తాడు నడుముకి కట్టుకున్నవాడికి, ఎక్కడ దిగాలో చెప్పే హక్కు ఉండదు.