కొసలు కలవని కాయలు

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులమ్మా! అవెన్నాళ్ళ కిందటివో ఆ దేవుడొక్కడికే ఎరుక. అలాంటి ఓ కొండకింద చీపుళ్ళమ్ముకునే సన్యాసమ్మ ఉండేది. అడవంతా ఆమెకి తెలుసు. ఏం లాభం? మాట మొదలెడితే పొయ్యిమీద కూర మాడాల్సిందే. "సాగదీత సన్యాసమ్మ" అని నవ్వి, సగంలోనే అందరూ లేచిపోయేవారు.

ఒక ఎండాకాలం ఆ ఊళ్ళోనే ఉండే బంగారి అనే ఆమె కూతురికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్ళ పిల్ల మూడు రోజుల్లో వడలిపోయింది. బంగారి సన్యాసమ్మ గుడిసెకి పరిగెత్తింది. ముసలమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, కదల్లేదు.

"పిన్నమ్మా, నా గుంట దక్కదేమోనే!"

"కొడిసెపాల బెరడు తేవే, కసాయం కాద్దాం. చిన్న చెట్టు. గీస్తే పాలు కారతాయి. మరేటంటే..."

బంగారి వినలేదు. పరుగు! పాలు కారే చెట్టు దొరికింది, బెరడు తెచ్చింది.

"ఓలమ్మ! ఇది మేడే. మేడికీ పాలే, జిల్లేడుకీ పాలే. ఆకులు ఎదురెదురుగా ఉండాల. తెల్లపూల గుత్తులు, జంటకాయలు. మరేటంటే..."

బంగారి వినలేదు. పరుగు! ఈసారి పాలున్నాయి, పూలున్నాయి, జంటకాయలున్నాయి. కొమ్మే విరిచి తెచ్చింది.

"ఇది అంకుడే తల్లీ. బొమ్మలు చెక్కుకోడానికి బావుంటాది. నీ గుంటకి పనికిరాదు."

బంగారి అక్కడే కూలబడింది. ఇంటిదగ్గర పిల్ల పిలిస్తే పలకడంలేదు. తను అన్నీ చూసింది కదా, ఇంకేం చూడాలి? లేవబోయి, లేవలేదు.

"మరేటంటే? చెప్పు పిన్నమ్మా, వింటాను."

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. ముసలమ్మ ఆ అంకుడు కొమ్మ అందుకుని కాయలు చూపించింది.

"కొసలు చూడవే. అంకుడు కాయలు కింద కొసల దగ్గర అతుక్కుంటాయి. కొడిసె కాయలు పక్కపక్కనే వేలాడినా కొసలు కలవవు. బెరడు నాలిక్కి తాకించు. చేదు... మీ అత్త మాటంత చేదు."

"అంతేనా?"

"అంతే. ఇంక పరిగెత్తు."

మూడోసారి బంగారి కొసలు చూసింది. బెరడు నమిలింది. ఆ చేదుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, నవ్వూ వచ్చింది. మూడు పూటలు కసాయం పోశారు. నాలుగో పూట పిల్ల "అమ్మా, గంజి" అంది. దేవుడి దయ!

మరుసటేడు సన్యాసమ్మ పోయింది. ఆ కొండమీద చెట్లూ ఇప్పుడు పలచబడ్డాయి. అయినా బెరడుకి వెళ్ళినవాళ్ళు ముందు చెట్టుకింద చతికిలబడతారు. వాళ్ళలో పెద్దవాళ్ళు గుర్తులన్నీ చెబుతారు, అందరికీ తెలిసినవే. పిల్లలెవరైనా విసుక్కుని లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెడతారు:

"ఉండర్రా, సన్యాసమ్మ మాటాడతంది."