నూకాలు దాటని ఒకటింపావు వోల్టు

అనగనగా ఒక సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డున ముత్యాలరేవు అనే చిన్న రాజ్యం. దానికి ధర్మకేతు రాజు. మంచివాడే, కాకపోతే ఒట్టి తొందర మనిషి.

రాజుగారి కోటలో ఒక కంప్యూటరు ఉండేది. మబ్బుల బొమ్మలు చూసి, లెక్కలు కట్టి, తుఫాను వస్తుందో రాదో నాలుగు గంటల్లో చెప్పేది. వస్తుందంటే కోట మీద ఎర్రజెండా ఎగరేసేవారు, పడవలు వెనక్కి వచ్చేసేవి. లెక్క కట్టేదంతా దాని లోపలి ప్రాసెసరే. ఆ ప్రాసెసరుకు మాటలు కూడా వచ్చు. ఏం, కథల్లో కాకులూ నక్కలూ మాట్లాడితే వింటారు, ఇది మాట్లాడితే తప్పా?

“నాలుగు గంటలా! ఈలోగా పడవలు మునిగిపోవూ? దీని వేగం పెంచండి” అన్నాడు రాజు.

వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పెరిగితే వేడి పెరుగుతుంది. పొయ్యి మీద పాల లాంటి వ్యవహారం అది, కనిపెట్టుకుని ఉండాలి.

కంప్యూటరు బాగోగులు చూసే నూకాలు రేవులో పుట్టి పెరిగిన పిల్ల. నెల రోజులు తంటాలు పడింది. వోల్టులో నూరో వంతు పెంచడం, రోజంతా బరువైన లెక్కలిచ్చి చూడడం, వేడి ఎంతో పుస్తకంలో రాసుకోవడం, మళ్లీ ఇంకో నూరో వంతు. చివరికి, “ఒకటింపావు వోల్టు, మూడు గంటలు. అంతకు మించితే దీని ఒంటికి మంచిది కాదు ప్రభూ” అంది.

రాజు మూతి ముడిచాడు.

అప్పుడొచ్చాడు చండవేగుడనే యంత్రాల పనివాడు. “పక్క రాజ్యంలో ఒకటిన్నర పెట్టారు మహారాజా. రెండు గంటల్లో తేల్చేస్తున్నారు!” అన్నాడు. అక్కడి ప్రాసెసరు వేరు, దాన్ని చల్లబరిచే ఏర్పాటు వేరు. అదెవరడిగారు? పులిని చూసి నక్క వాత పెట్టుకుందని ఊరికే అన్నారా! చండవేగుడు ఒకటిన్నర పెట్టేశాడు. రెండు గంటల్లో లెక్క తేలింది. రాజు శాలువా కప్పాడు.

వారం తిరిగింది. ఒకనాడు పొద్దున్నే నలభై పడవలు చేపల వేటకు వెళ్లాయి. ఒకదాంట్లో నూకాలు తమ్ముడు ఎర్రయ్య ఉన్నాడు. కాసేపటికి తూర్పున మబ్బు కమ్మింది. ఉత్త మబ్బుకే జెండా ఎగరేస్తే రేపు ఎవరూ నమ్మరు. లెక్క తేలాల్సిందే.

మొదలుపెట్టారు. సగంలో కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఆగిపోయింది. మూడోసారి తెరే వెలగలేదు. చండవేగుడి మొహాన నెత్తుటిచుక్క లేదు.

“నూకాలమ్మా, ఇక నువ్వే దిక్కు!” అన్నాడు రాజు.

నూకాలు వోల్టేజీ, వేగం అన్నీ మొదటికి తెచ్చింది. తెర వెలిగింది. ప్రాసెసరు మూలిగింది. “ఒళ్లంతా కాలిపోయిందమ్మా. అయినా సరే, ఒకటిన్నర పెట్టు, పరిగెడతాను. నీ తమ్ముడూ ఉన్నాడుగా సముద్రంలో.”

నూకాలు సముద్రం వైపు చూసింది. కన్నీళ్లు జారాయి. తోడబుట్టినవాడి మీద ప్రాణం ఎవరికి ఉండదు?

“వద్దు నాయనా. సగంలో పడిపోతే నువ్వూ దక్కవు, వాడూ దక్కడు” అంది. ఒకటింపావు దాకా పెంచి అక్కడే ఆపింది. దాని నీరసం చూసి వేగం కూడా కాస్త తగ్గించింది.

మూడున్నర గంటలు పట్టింది. కానీ లెక్క ఆగలేదు. సాయంత్రానికి తుఫాను! జెండా ఎగిరింది. ఒక్కొక్కటే పడవలు ఒడ్డు చేరాయి. ముప్పై తొమ్మిది వచ్చాయి. చినుకులు మొదలయ్యాక నలభయ్యోది వచ్చింది, ఎర్రయ్యది. నూకాలు వాడి నెత్తిన ఒక్కటి మొట్టి, కావలించుకుని ఏడ్చింది.

చండవేగుడు తలొంచుకున్నాడు. “తప్పయిపోయిందక్కా.”

“నీ ఒక్కడిదే కాదయ్యా, తొందరపెట్టింది నేను” అన్నాడు రాజు.

నూకాలు తన పుస్తకం తీసి చండవేగుడి చేతిలో పెట్టింది. “రేపట్నుంచి నువ్వూ కూర్చో తమ్ముడూ. నూరో వంతు చొప్పున.”

“మరి రెండు గంటల్లో కావాలంటే?” అన్నాడు రాజు, ఇంకా ఆశ చావక.

“ఇంకో కంప్యూటరు కొనండి ప్రభూ. దీని ప్రాణం తియ్యకండి” అంది నూకాలు.

విన్నారుగా పిల్లలూ, పక్కవాడి కొలతతో మన బలాన్ని కొలవకూడదు. ఎంతవరకు ఎక్కవచ్చో పరీక్షించి తెలుసుకుని, అక్కడ ఆగడమే అసలైన నేర్పు.