ఏరు వచ్చిన పూట

సీమలో ఒక ఏటి ఒడ్డున ఆశ్రమంలో ఉండే ఓబుళయ్యస్వామికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. సుంకన్న వచ్చి కాళ్లమీద పడ్డప్పుడూ అంతే జరిగింది.

"స్వామీ, తిండి సయించదు, నిద్ర పట్టదు. కళ్లు మూసుకుంటే దిగులు, తెరిస్తే దిగులు. ఇట్లే ఉంటే నాకు పిచ్చి పడుతుంది. మనసు కుదుటపడేది ఎట్లా?"

సుంకన్న బడిపంతులు. ఆ దిగులుతోనే బడి మానుకుని, ఏడాదిగా గది దాటని మనిషి.

"రోజూ పొద్దున్నే ఏట్లో చెలమ నీళ్లు తోడుకురా నాయనా" అన్నాడు స్వామి.

ఆ ఏరు పేరుకే ఏరు. నీళ్లు పారి ఏళ్లయింది. ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో కడవకెత్తుకోవాలి. ఊరేదాకా కూర్చోవాలి గదా, ఆ కూర్చున్నంతసేపూ సుంకన్న కళ్లు మూసుకుని మనసును తడిమి చూసుకునేవాడు. దిగులు తగ్గిందా, పెరిగిందా? పుండును పూటపూటా గిల్లి చూసుకుంటే అది మానుతుందా?

ఒక పొద్దున అట్లాగే కూర్చునుంటే ఎండుటాకుల గలగల వినిపించింది. మేకలేమో అనుకుని కళ్లు తెరిచాడు. మేకలు కాదు, నీళ్లు! ఎగువన ఏ కొండల్లో కురిసిందో ఏమో, నురగ కక్కుకుంటూ, పుల్లల్నీ ఆకుల్నీ ముందుకు నెట్టుకుంటూ ఏరు వస్తోంది. దాహం మీదున్న ఇసుక బుడబుడమంటూ తాగుతోంది.

ఆ సీమలో ఒక కట్టుబాటుంది. నీళ్లకంటే ముందు కబురు పోవాలి. ఏరు మొదట ఎవరి కంట పడితే వాళ్లే దిగువ ఊరికి పరుగెత్తాలి. అక్కడ చెలమల దగ్గర ఆడవాళ్లుంటారు, ఏట్లో కట్టేసిన గొడ్లుంటాయి.

సుంకన్న కడవ వదిలేసి పంచె ఎగ్గట్టి ఉరికాడు. "ఏరొస్తాంది! ఏరొస్తాంది!" తడిసిన మన్నువాసన గుప్పున కొట్టింది. ఎక్కడినుంచి దిగాయో, కొంగలు బారులు తీరాయి. భూమిలో దాక్కున్న కప్పలన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. వెనక్కి తిరిగి చూస్తే ఎండలో ధగధగలాడుతూ వెంటపడి వస్తోంది ఏరు. సంతోషం పట్టలేక పకపకా నవ్వాడు, నవ్వుతూనే పరుగెత్తాడు.

దిగువ ఊరివాళ్లు కడవలతో, దూడలతో ఒడ్డెక్కారు. నీళ్లు రాగానే ఒక ముసలమ్మ పసుపూ కుంకుమా చల్లి, "గంగమ్మ తల్లి వచ్చె! నిలబడి చూస్తావేందప్పా, దిగు!" అని సుంకన్నను నెట్టింది. మోకాటిలోతు ఎర్రనీళ్లలో నిలబడి దోసిళ్లతో నెత్తిన పోసుకున్నాడు. వాళ్లు పెట్టిన సంగటి ముద్ద చాలక, ఇంకొకటి అడిగి తిన్నాడు. ఆపైన కానుగచెట్టు కింద ఒళ్లు మరిచి నిద్రపోయాడు.

సాయంత్రం ఆశ్రమానికి వచ్చి, చేతులు తిప్పుతూ ఒకటే చెప్పడం. కొంగలంటాడు, కప్పలంటాడు, మళ్లీ మొదటికొచ్చి నురగంటాడు. శిష్యులంతా నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అంతలో చటుక్కున ఆగిపోయాడు. పాపం, అనుమానం పట్టుకుంది.

"స్వామీ, అయితే నా దిగులు పోయినట్టేనా? ఉండండి, లోపల ఉందో లేదో చూసుకుంటా" అని కళ్లు మూసుకోబోయాడు.

స్వామి అతని భుజం పట్టుకుని ఏటివైపు తిప్పాడు.

"మళ్లీ లోపలికెందుకు నాయనా, ఏరు ఇక్కడ పారుతాంటే?"