పైకప్పు మీద ఒక్క కాయితం

మదనపల్లె దగ్గర ఒక గుట్ట వాలులో, టమాటా నారు పెంచి వదిలేసిన ప్లాస్టిక్ షెడ్డు ఉంది. ఎత్తు తక్కువ. పగలంతా ఎండ లోపలికి దిగుతుంది, పొద్దు వాలాక ఆ వేడి కప్పు మధ్యలో ఉన్న సందులోంచి బయటికి పోతుంది. దాన్ని ముందు కనిపెట్టింది నక్క. కాబట్టి పెద్దరికం నక్కదే అయింది.

ఆ ఏడు చలి ముదిరింది. నక్క ఒక గోనెసంచి తెచ్చి సందులో కుక్కింది. లోపల వెచ్చబడేసరికి ఎద్దు, మేక వచ్చి చేరాయి. ఊరికే చేర్చుకుంటే అది నక్కెందుకవుతుంది? చోటు కావాలంటే పొలాల్లోంచి ఒక ప్లాస్టిక్ కాయితం తెచ్చి కప్పు మీద పరవాలి, నక్క నోటికి ఏదో ఒకటి ముట్టజెప్పాలి అని కట్టుబాటు పెట్టింది. మాఘమాసంలో చుక్కల కోడిపెట్ట ఒకటి గుడ్లు పొదగడానికి చోటు వెతుక్కుంటూ వచ్చింది. కిందటేడు దాని గుడ్లన్నీ పాము పాలయ్యాయి. ఈసారైనా పిల్లల్ని చూసుకోవాలని అదీ ఒక కాయితం ఈడ్చుకొచ్చింది. పిల్లలు బయటపడ్డ రోజున నక్కకో గుడ్డు ఇస్తానని ఒప్పుకుంది.

శివరాత్రి దాటింది. చలి పోయింది, కాయితాలు పోలేదు. లోపలికి వచ్చిన వేడి లోపలే ఉండిపోతోంది. చీకటి పడ్డా నేల కాలుతోంది. పెట్ట రెక్కలు చాపుకుని రొప్పుతూ, గుడ్లను ముక్కుతో తాకి చూసింది. తన ఒంటికంటే వేడిగా ఉన్నాయి. ఇలాగే ఉంటే పిల్లలు దక్కవు.

పోయి నక్కకు మొరపెట్టుకుంది.

"ఎండలు ముదిరినాయమ్మీ, మనమేం జేస్తాం," అంది నక్క. "నీది ఒగ కాయితమే గదా, ఎంత పల్చగా ఉండాదో సూడు. దాంతోనే ఇంత ఉడుకు పుట్టిందంటావా?"

ఎద్దునడిగితే తనదీ ఒక్క కాయితమే కదా అంది, మేకనడిగినా అదే మాట.

నిజమేనేమోనని మర్నాడు పగలు పెట్ట బయటికి వచ్చి నిలబడింది. ఎండ ఎప్పటి ఎండే. గాలి చల్లగా తగిలింది. ఉడుకంతా లోపలే ఉందని దానికి తెలిసిపోయింది. ఇక ఎవర్నీ అడగలేదు. కప్పు మీదికి ఎగిరి తన కాయితాన్ని లాగి కింద పడేసింది. లోపల తేడా ఏమీ తెలియలేదు. కానీ అది చూసి ఎద్దుకు సిగ్గేసింది, కొమ్ముతో తన కాయితం లాగేసింది. మేక కాసేపు గొణిగి తనదీ తీసింది. అడుగున నక్క గోనెసంచి బయటపడింది.

నక్క కదల్లేదు. సందు తెరిస్తే తన దగ్గరికి వచ్చేదెవరు, నోటికి తెచ్చేదెవరు? అదొక్కటీ ఉంటే ఏమవుతుందని నసిగింది.

"ఒగ సంచే గదా మామా," అంది పెట్ట. "ఎంత పల్చగా ఉండాదో సూడు."

ఎద్దు, మేక నక్క వైపే చూస్తూ నిలబడ్డాయి. నక్కకు పైకెక్కక తప్పలేదు. కాలుతున్న ఇనుప గొట్టాల మీద కాళ్లు మార్చుకుంటూ సంచి పీకింది.

పీకిన వెంటనే చల్లబడలేదు. నేల తాగిన వేడి దిగడానికి చాలా రోజులు పట్టింది. గుడ్లలో సగమే పిల్లలయ్యాయి. మిగిలినవాటి దగ్గర పెట్ట చాలాసేపు కూర్చుని ఏడ్చింది. తర్వాత వాటిలో ఒకదాన్ని దొర్లించుకుంటూ పోయి, నీకిస్తానన్న గుడ్డు ఇదే మామా అని నక్క ముందు పెట్టింది. నక్క ఆశగా కొరికి, మూతి కడుక్కోవడానికి వాగు దాకా పరుగెత్తింది.

వేడి పోయే దారి మూసి లాభపడదామనుకున్నవాడికి, ఆ వేడికి మురిగినదే చివరికి నోటికందుతుంది.